ఎద మొదలయ్యేది మెదడులోనే

పశువు వేళకు ఎదకు రాకపోతే అందరి చూపూ గర్భసంచి మీదికో, అండాశయాల మీదికో పోతుంది. పరీక్షించే వైద్యుడి చెయ్యి అందేదీ అంతవరకే. అండాశయం చిన్నగా, నున్నగా, ఒక్క పుటిక (అండం పెరిగే చిన్న తిత్తి) కూడా ఎదగకుండా తగిలితే లోపం అక్కడే ఉందనుకోవడం సహజం. కానీ చాలాసార్లు ఆ అండాశయంలో ఏ లోపమూ ఉండదు. దానికి అందవలసిన కబురు అందలేదు, అంతే. ఆ కబురు బయలుదేరేది అక్కడికి చాలా దూరాన, మెదడు అడుగుభాగంలో ఉండే హైపోథాలమస్ నుంచి. ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతిని ఒక బాణం గుర్తుతో చూపించి ముందుకు సాగిపోతారు. ఆ ఒక్క బాణం గుర్తును రుజువు చేయడానికి, మెలకువగా ఉన్న గొర్రె మెదడు కిందనుంచి చుక్కచుక్కగా రక్తం సేకరించవలసి వచ్చింది. 1982లో ఆ పని చేసి చూపించినవారు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పరిశోధన సాగించిన ఇయాన్ క్లార్క్, ఆయన సహచరుడు కమిన్స్.

వాళ్ల ప్రయోగం విలువ తెలియాలంటే అంతకు ముందు తెలిసినదేమిటో, తెలియనిదేమిటో చూడాలి. మెదడుకు వేలాడుతూ ఉండే పీయూష గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అండాశయంలో పుటికలను పెంచేదీ, అండాన్ని విడుదల చేయించేదీ, మగ పశువులో వృషణాలను పనిచేయించేదీ ఈ రెండే. అయితే పీయూష గ్రంథి తనంతట తాను పనిచేస్తుందా, దానిపైన మరో అధికారి ఉన్నాడా అన్న ప్రశ్న చాలాకాలం తేలలేదు. బ్రిటన్ శాస్త్రవేత్త జెఫ్రీ హారిస్ ఈ ప్రశ్న మీద ఏళ్లతరబడి పనిచేశారు. హైపోథాలమస్ నుంచి పీయూష గ్రంథికి దిగే సన్నని రక్తనాళాల గుత్తి ఒకటుంది. మెదడు తన ఆజ్ఞను నరాల ద్వారా కాక, ఆ నాళాల్లోని రక్తంలో రసాయనంగా పంపుతుందని ఆయన వాదించారు. 1952లో ఆయన, డోరా జాకబ్‌సన్ కలిసి ఎలుకల్లో పీయూష గ్రంథిని తీసి వేర్వేరు చోట్ల అమర్చి చూశారు. హైపోథాలమస్ కింద, ఆ నాళాలు తిరిగి అల్లుకునే చోట పెట్టిన గ్రంథి పనిచేసింది. మెదడులోనే మరోచోట పెట్టినది రక్తం అందినా నిద్రాణంగా ఉండిపోయింది.

మరి ఆ రసాయనం ఏమిటి? దాని కోసం ఆండ్రూ షాలీ, రోజర్ గిల్మాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, వారి బృందాలు ఏళ్లకొద్దీ పోటాపోటీగా వెతికాయి. షాలీ పందుల మెదళ్లతో, గిల్మాన్ గొర్రెల మెదళ్లతో పనిచేశారు. కబేళాల నుంచి తెచ్చిన లక్షల హైపోథాలమస్ తునకలను రుబ్బి, వడకట్టి, శుద్ధి చేస్తే చివరికి మిగిలింది మిల్లీగ్రాముల్లో కూడా లెక్కకు రానంత పదార్థం. 1971లో దాని నిర్మాణం తేలింది. కేవలం 10 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు అది. దానికే జీఎన్‌ఆర్‌హెచ్ అని పేరు. షాలీ, గిల్మాన్‌లకు 1977లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే బహుమతిలో సగభాగం రోసలిన్ యాలోకు దక్కింది. రక్తంలో అత్యల్ప పరిమాణంలో ఉన్న హార్మోన్లను రేడియోధార్మికత సాయంతో కొలిచే పద్ధతి ఆమె, సాలమన్ బెర్సన్ కలిసి కనిపెట్టినదే. ఆ కొలత లేకపోతే తర్వాత జరిగిన కథలో ఏదీ జరిగేది కాదు.

అణువు దొరికింది కాబట్టి ఇక ఇంజెక్షన్ చేస్తే చాలు, పశువులన్నీ చూలు కడతాయి అనే ఆశ పుట్టింది. ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు. ఎందుకు నెరవేరలేదో అమెరికాలో ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం 1978లో కోతుల్లో చూపించింది. హైపోథాలమస్‌లో జీఎన్‌ఆర్‌హెచ్ తయారయ్యే చోటు దెబ్బతిన్న కోతులకు ఆ హార్మోన్‌ను గంటకోసారి, కొన్ని నిమిషాలపాటు ఎక్కిస్తే ఎల్‌హెచ్ మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. అదే హార్మోన్‌ను ఆపకుండా ధారగా ఎక్కిస్తే ఎల్‌హెచ్ పడిపోయింది. తిరిగి గంటకోసారి ఇవ్వగానే మళ్లీ లేచింది. తలుపు తడితే లోపలివాళ్లు వచ్చి తీస్తారు. ఆపకుండా బాదుతూనే ఉంటే కొంతసేపటికి ఆ చప్పుడును పట్టించుకోవడమే మానేస్తారు. పీయూష గ్రంథి కణాల తీరూ అదే. ధార ఆగకపోతే అవి హార్మోన్‌ను అందుకునే తమ గ్రాహకాలను లోపలికి లాగేసుకుంటాయి. ఆజ్ఞలో ఉన్న శక్తి దాని మోతాదులో కన్నా దాని లయలో ఎక్కువ.

అయితే ఇదంతా బయటినుంచి హార్మోన్ ఇచ్చి చేసిన ఊహ. ఆరోగ్యంగా ఉన్న జీవి మెదడు నిజంగానే విడతలు విడతలుగా జీఎన్‌ఆర్‌హెచ్‌ను వదులుతోందా? అది ఇంకా గట్టిగా తేలలేదు. మెడ దగ్గరి సిరలో రక్తం తీసి కొలిస్తే సరిపోదు. హైపోథాలమస్ నుంచి వచ్చిన కొద్దిపాటి హార్మోన్ ఒళ్లంతా తిరిగే రక్తంలో కలిసిపోయి జాడ దొరకదు. పైగా కొద్ది నిమిషాల్లోనే విచ్ఛిన్నమైపోతుంది. కొలవాలంటే పీయూష గ్రంథిని చేరబోయే ఆ సన్నని నాళాల్లోనే, అదీ పశువు మెలకువగా ఉండగానే కొలవాలి, ఎందుకంటే మత్తుమందు ఈ లయనే చెదరగొడుతుంది. ఎలుకలో ఇది కుదరదు. గంటల తరబడి తీయడానికి దాని ఒంట్లో అంత రక్తం ఉండదు. గొర్రె అందుకు సరిపోయింది. పెద్ద ఒళ్లు, చేతికి అందేంత పీయూష గ్రంథి, మనుషులకు అలవాటు పడితే గంటల కొద్దీ నెమ్మదిగా నిలబడే స్వభావం.

క్లార్క్, కమిన్స్ ముక్కు మార్గం గుండా శస్త్రచికిత్స చేసి పీయూష గ్రంథి ముందు ముఖానికి ఎదురుగా సూదులు అమర్చారు. గాయం మానాక, గొర్రె తేరుకున్నాక అసలు ప్రయోగం మొదలైంది. రక్తం గడ్డకట్టకుండా మందు ఇచ్చి, లోపల ఉన్న సూది గుండా ఆ నాళాల్లో కొన్నింటికి మాత్రం గాటు పెట్టారు. గ్రంథికి మిగిలిన నాళాల ద్వారా రక్తం అందుతూనే ఉంటుంది. గాటు నుంచి ఊరే రక్తాన్ని గొట్టంతో లాగుతూ, కొద్ది నిమిషాలకొక నమూనా చొప్పున గంటలపాటు సేకరించారు. అదే సమయానికి మెడ సిర నుంచి మరో నమూనా. మొదటిదానిలో జీఎన్‌ఆర్‌హెచ్, రెండోదానిలో ఎల్‌హెచ్ కొలిచారు. ఒకటి మెదడు మాట, రెండోది ఆ మాటకు గ్రంథి ఇచ్చిన జవాబు.

రెండింటినీ ఒకే కాగితం మీద గీస్తే జతకుదిరాయి. జీఎన్‌ఆర్‌హెచ్ గీత లేచి పడిన ప్రతిచోటా, వెంటనే ఎల్‌హెచ్ గీత లేచింది. ఎల్‌హెచ్ విడత వచ్చిందంటే దాని వెనుక జీఎన్‌ఆర్‌హెచ్ విడత ఉండి తీరింది. అప్పుడప్పుడు జీఎన్‌ఆర్‌హెచ్ చిన్నగా లేచినా ఎల్‌హెచ్ కదలని సందర్భాలు కనిపించాయి. చాలామంది పట్టించుకోని ఈ చిన్న సంగతే అసలైన మెరుపు. మెదడు గొంతు మరీ సన్నగా ఉంటే గ్రంథికి వినిపించదన్న మాట. అదే ఏడాది అమెరికాలో మరో బృందం వేరే పద్ధతిలో, గొర్రెల్లోనే ఇదే సంబంధాన్ని చూపించింది. దారులు వేరైనా ఒకే చోటికి చేరడం ఆ ఫలితానికి బలమిచ్చింది.

మరుసటి ఏడాది క్లార్క్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. గొర్రెలో హైపోథాలమస్‌కూ పీయూష గ్రంథికీ మధ్య సంబంధాన్ని శస్త్రచికిత్సతో తెంచేశారు. గ్రంథికి రక్తం మాత్రం అందుతూనే ఉంది. ఎల్‌హెచ్ విడతలు ఆగిపోయాయి. అలాంటి గొర్రెలకు సిర ద్వారా జీఎన్‌ఆర్‌హెచ్‌ను విడతలుగా ఇస్తే గ్రంథి మళ్లీ పలికింది. ఇప్పుడు లయ పరిశోధకుల చేతిలోకి వచ్చింది. విడతలు దగ్గర దగ్గరగా ఉంటే ఎల్‌హెచ్ ఎక్కువగా, దూరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్ వైపు మొగ్గు ఉండడం వంటి సూక్ష్మాలు ఇలాంటి ప్రయోగాల వల్లే స్పష్టమయ్యాయి. ఒకే అణువుతో, కేవలం వేగం మార్చి, రెండు వేర్వేరు ఆజ్ఞలు పంపగలగడం జీవశాస్త్రంలోని అందమైన పొదుపుల్లో ఒకటి.

ఈ లయ పశువు ఎదచక్రం వెంట మారుతూ ఉంటుంది. అండం విడుదలైన తర్వాత ఏర్పడే కార్పస్ లూటియం అనే కణజాలం ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్‌ను వదులుతున్నన్నాళ్లూ విడతలు కొన్ని గంటలకు ఒకటి చొప్పున నెమ్మదిస్తాయి. అది కరిగిపోగానే గంటకొకటి చొప్పున వేగం పుంజుకుంటాయి. పుటిక పెరిగి, అది వదిలే ఈస్ట్రాడయోల్ (ఈస్ట్రోజెన్ జాతి హార్మోన్) ఒక స్థాయి దాటగానే విడతలు కలిసిపోయి వెల్లువగా మారతాయి. ఆ వెల్లువే ఎల్‌హెచ్ వెల్లువను లేపి అండాన్ని విడుదల చేయిస్తుంది. ఇక్కడ గొర్రెలు మరో వింత చూపించాయి. ఎల్‌హెచ్ వెల్లువ తగ్గిపోయాక కూడా మెదడు నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ చాలాసేపు పొంగుతూనే ఉంటుంది. అంటే ఎల్‌హెచ్ అడుగంటడానికి కారణం మెదడు ఆగిపోవడం కాదు.

మరి ఈ లయ వేసేది ఎవరు? జీఎన్‌ఆర్‌హెచ్ నాడీకణాలు మెదడు మొత్తం మీద కొద్ది వేలు మాత్రమే. అవి ఒకచోట గుంపుగా కాక, అక్కడొకటి ఇక్కడొకటి చెల్లాచెదురుగా ఉంటాయి. పిండదశలో అవి ముక్కు ప్రాంతంలో పుట్టి మెదడులోకి వలస వస్తాయి. పైగా వాటిలో ఈస్ట్రోజెన్‌ను గుర్తించే ప్రధాన గ్రాహకం లేదు. అండాశయం పంపే సందేశం తెలియని కణాలు అండాశయం స్థితిని బట్టి ఎలా నడుచుకుంటాయి? ఈ చిక్కుముడి ఇరవై ఏళ్లు అలాగే ఉండిపోయింది.

జవాబు అనుకోని దిక్కు నుంచి వచ్చింది. 1996లో అమెరికాలోని హర్షీ పట్టణంలో క్యాన్సర్ పరిశోధకులు కణితి వ్యాపించకుండా అడ్డుకునే ఒక జన్యువును గుర్తించి, ఆ ఊరి ‘కిస్’ చాక్లెట్ పేరు మీద దానికి పేరు పెట్టారు. దాని నుంచి తయారయ్యే పదార్థమే కిస్‌పెప్టిన్. 2003లో రెండు బృందాలు విడివిడిగా, ఈ పదార్థాన్ని అందుకునే గ్రాహకం చెడిపోయిన మనుషుల్లో యౌవనదశ రాదని కనుగొన్నాయి. ఆ తర్వాత పశు పరిశోధన వేగం అందుకుంది. గొర్రె హైపోథాలమస్‌లో కిస్‌పెప్టిన్ తయారుచేసే కణాల్లో ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉందని, అవి జీఎన్‌ఆర్‌హెచ్ కణాలను కదిలిస్తాయని తేలింది. మధ్యవర్తి దొరికాడు.

2007లో రాబర్ట్ గుడ్‌మన్, మైకేల్ లేమన్‌ల బృందం గొర్రెలోనే ఇంకో విశేషం చూపింది. హైపోథాలమస్‌లోని ఆర్క్యుయేట్ అనే చోట ఒకే కణం మూడు పదార్థాలను తయారుచేస్తోంది: కిస్‌పెప్టిన్, న్యూరోకైనిన్ బి, డైనార్ఫిన్. న్యూరోకైనిన్ బి పొరుగు కణాలను లేపుతుంది, కిస్‌పెప్టిన్ జీఎన్‌ఆర్‌హెచ్ కణాలకు కబురు పంపుతుంది, డైనార్ఫిన్ అందరినీ మళ్లీ సద్దుమణిగిస్తుంది. లేపడం, పంపడం, ఆపడం. లయ పుట్టడానికి కావలసినవన్నీ ఒకే గూటిలో ఉన్నాయి. జపాన్ పరిశోధకులు మేకల మెదడులో ఈ కణాల పక్కనే సన్నని ఎలక్ట్రోడులు నిలిపి విద్యుత్ సంకేతాలను రోజుల తరబడి నమోదు చేశారు. కొంతసేపు నిశ్శబ్దం, ఉన్నట్టుండి ఒక్క జోరు, మళ్లీ నిశ్శబ్దం. ప్రతి జోరు వెంటా రక్తంలో ఒక ఎల్‌హెచ్ విడత. న్యూరోకైనిన్ బి ఇస్తే ఆ జోరు తరచుగా వచ్చింది, డైనార్ఫిన్ ఇస్తే పలచబడింది.

ఇక్కడినుంచి విషయం పశుపోషణకు మరీ దగ్గరవుతుంది. ఈ కణాల గూడు ఒక గడియారం మాత్రమే కాదు, అది ఒంటి పరిస్థితినంతా వింటుంది. బయట పగలు ఎంత పొడవుంది, ఒంట్లో కొవ్వెంత ఉంది, పక్కన దూడ ఉందా, దగ్గరలో మగ పశువు ఉందా అన్నవన్నీ చివరికి ఈ లయ వేగంగా మారతాయి.

చలిదేశాల గొర్రె విషయమే చూస్తే, దాని చూలు ఇంచుమించు ఐదు నెలలు. గడ్డి చిగురించే కాలంలో పిల్ల పుట్టాలంటే పగళ్లు కుదించుకుపోయే శరత్తులో ఎదకు రావాలి. 1977లో మిషిగన్‌లో ఫ్రెడ్ కార్ష్ బృందం అండాశయాలు తీసేసిన గొర్రెలకు ఈస్ట్రాడయోల్‌ను ఏడాది పొడుగునా ఒకే మోతాదులో అందేలా చర్మం కింద అమర్చింది. ఈస్ట్రాడయోల్ మారలేదు, కానీ ఎల్‌హెచ్ మారింది. ఎద కాలంలో ఎక్కువ, మిగతా కాలంలో అడుగంటింది. ఒకే పదార్థం ఒక కాలంలో మెదడును బిగించి పట్టుకుంటుంది, మరో కాలంలో వదిలేస్తుంది. రాత్రి పొడవును మెదడుకు చెప్పేది పీనియల్ గ్రంథి వదిలే మెలటోనిన్. అది పీయూష గ్రంథి కాడ దగ్గర థైరాయిడ్ హార్మోన్ల స్థానిక మోతాదును మార్చి, దాని ద్వారా కిస్‌పెప్టిన్ కణాలను చేరుతుంది. ఎద కాలం కాని రోజుల్లో గొర్రె ఆర్క్యుయేట్‌లో కిస్‌పెప్టిన్ తగ్గిపోతుందని క్లార్క్ బృందమే చూపించింది. పునరుత్పత్తికి బ్రేకు వేసే మరో పదార్థాన్ని జపాన్‌లో కజుయోషి త్సుత్సుయి 2000లో కముజు పిట్టల్లో కనుగొన్నారు. గొర్రెల్లోనూ దాని వంటిది ఎల్‌హెచ్‌ను తగ్గిస్తుందని క్లార్క్ ప్రయోగాలు చెప్పాయి. వేరే ప్రయోగశాలల్లో ఆ ప్రభావం కనిపించలేదు. ఈ వివాదం తేలేవరకు బ్రేకు సంగతిని కిస్‌పెప్టిన్ అంత గట్టిగా చెప్పడం న్యాయం కాదు.

ఈనిన ఆవు సంగతి అన్నిటికన్నా ఆలోచింపజేసేది. ఈనిన తొలి వారాల్లో ఎక్కువ పాలిచ్చే ఆవు తిన్నదానికన్నా పాలలో ఎక్కువ శక్తిని పోగొట్టుకుంటుంది. ఇన్సులిన్ తగ్గుతుంది, కొవ్వు కరుగుతుంది, కొవ్వు కణాలు పంపే లెప్టిన్ తగ్గుతుంది. ఎల్‌హెచ్ విడతలు పలచబడి, పుటిక పెరిగినా అండం విడుదల కాదు. దూడతో తిరిగే ఆవుల్లో మరో అడ్డు కలుస్తుంది. చనుమొనల మీద దూడ నోటి స్పర్శే ఎదను ఆపుతుందని చాలాకాలం అనుకున్నారు. పొదుగుకు వెళ్లే నరాలను తెంచినా ఆ అడ్డు పోలేదు. పరాయి దూడ పాలు తాగితే అడ్డు రాలేదు, సొంత దూడ తాగితే వచ్చింది. ఆవుకు చూపూ వాసనా రెండూ తెలియకుండా చేస్తే సొంత దూడ తాగుతున్నా ఎల్‌హెచ్ పెరిగింది. అంటే ఆపుతున్నది పొదుగు కాదు, ఇది నా దూడ అని గుర్తుపట్టిన మెదడు. దూడను 48 గంటలు వేరుచేస్తే విడతలు పెరగడానికి కారణం ఇదే. ఎదకు రాని తల్లిపశువును వట్టిపోయిందని అనేముందు, అది తన బిడ్డను చూసుకుంటోందని అర్థం చేసుకోవడం అవసరం.

మగ పశువు వాసన దీనికి ఎదురు దిక్కున పనిచేస్తుంది. కొన్నాళ్లు పొట్టేళ్లకు దూరంగా ఉంచిన గొర్రెల మందలోకి ఎద కాలం కానప్పుడు పొట్టేలును వదిలితే కొద్దిసేపట్లోనే ఎల్‌హెచ్ విడతలు దగ్గరవుతాయి, రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. మేకల్లో ఆ వాసనలోని అణువును పట్టుకోవడానికి జపాన్ పరిశోధకులు మేకపోతుల తలకు ప్రత్యేకమైన టోపీలు తొడిగి వెంట్రుకల నుంచి ఎగిరే ఆవిరిని సేకరించారు. విత్తు కొట్టిన పోతుల ఆవిరితో పోల్చి చూసి 2014లో 4-ఇథైల్‌ఆక్టనాల్ అనే పదార్థాన్ని గుర్తించారు. అది సోకగానే ఆడమేక మెదడులోని లయకేంద్రం చురుకెత్తింది. గాలి తగిలి ఆ పదార్థం మారిపోతే వచ్చేదే మేకపోతుకు ప్రత్యేకమైన ఆ ఘాటు వాసన.

ఈ జ్ఞానం పశువైద్యంలోకి పలు దారుల్లో వచ్చింది. 1995లో అమెరికాలో రూపొందిన ఓవ్‌సింక్ పద్ధతిలో మొదట జీఎన్‌ఆర్‌హెచ్, 7 రోజులకు కార్పస్ లూటియంను కరిగించే ప్రోస్టాగ్లాండిన్, మరో 48 గంటలకు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్ ఇచ్చి, ఎద లక్షణాల కోసం కాచుకోకుండా నిర్ణీత సమయానికి కృత్రిమ గర్భధారణ చేస్తారు. లక్షణాలు బయటపడని మూగ ఎదతో కాలం గడిపే గేదెల్లోనూ దీన్ని వాడుతున్నారు. దీనికి విరుద్ధంగా, జీఎన్‌ఆర్‌హెచ్ మీదికే రోగనిరోధక శక్తిని ఉసిగొలిపే టీకా మగ పందుల్లో కత్తి పెట్టకుండానే వృషణాల పని ఆపుతుంది. నొప్పితో కూడిన పాత పద్ధతికి ఇది ఎంతో మేలైన మార్పు.

అయితే ఓవ్‌సింక్‌లోని ఇంజెక్షన్ పీయూష గ్రంథిని ఒక్కసారి గట్టిగా తడుతుందే తప్ప, మెదడులో ఆగిపోయిన లయను తిరిగి నడిపించదు. బాగా చిక్కిపోయి, లయ నెమ్మదించిన పశువుల్లో ఫలితాలు తగ్గడానికి ఇదొక కారణం. మేతతో తీరవలసిన లోటును సూదితో పూడ్చాలనుకోవడం సరైన వైద్యం కాదు. కిస్‌పెప్టిన్ మీద ఆశ అందుకే పుట్టింది, ఎందుకంటే అది లయ మొదలయ్యే చోటే పనిచేస్తుంది. 2007లో ఫ్రాన్స్‌లో అలాన్ కారతీ బృందం ఎద కాలం కాని గొర్రెలకు కిస్‌పెప్టిన్‌ను సిర ద్వారా గంటలపాటు సన్నధారగా ఇస్తే ఎక్కువ వాటిలో అండం విడుదలైంది. ఇబ్బంది ఏమిటంటే అది రక్తంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. ఎక్కువసేపు నిలిచే మారురూపాలను గొర్రెల్లో, మేకల్లో పరీక్షిస్తున్నారు. అవి పనికివస్తే, ఎద తెప్పించడానికి వాడే, చూలు గుర్రాల రక్తం నుంచి తీసే హార్మోన్ అవసరం తగ్గుతుంది. ఆ గుర్రాలు పడే బాధ దృష్ట్యా ఇది త్వరగా జరగవలసిన మార్పు.

ఒక మెలిక మాత్రం మిగిలి ఉంది. ఎద కాలం కానప్పుడు ఇలా అండం విడుదలైన గొర్రె, పొట్టేలు వాసనకు స్పందించిన గొర్రె లాగే, తొలిసారి ఎద లక్షణాలు చూపకుండా ఉండిపోవచ్చు. అంతకు ముందు కొన్నాళ్లు ప్రొజెస్టిరోన్ తగిలి ఉంటేనే దాని మెదడు ఈస్ట్రాడయోల్‌కు ఎద ప్రవర్తనతో బదులిస్తుంది. అండాన్ని విడిపించే దారి, పొట్టేలు ముందు నిలబడేలా చేసే దారి ఒకే మెదడులో వేర్వేరుగా ఉన్నాయి.